పాత వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు దొంగ బయ్యర్‌ని ఎలా కనిపెట్టాలి

ఆన్‌లైన్ మోసాలు అనగానే కొనేవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి అనుకుంటారు చాలామంది, అమ్మేవాళ్ళకి డబ్బులు వచ్చేదే కదా, పోయేదేముంది అని. దొంగ బయ్యర్లకి కావాల్సింది సరిగ్గా ఈ ధీమానే. పాత ఫోనో, సోఫానో యాడ్ పెట్టినవాళ్ళకి అది ఎంత త్వరగా పోతే అంత బాగుండు అని ఉంటుంది, ఎవరో ఒకరు "రేటు ఓకే, నేను తీసుకుంటా" అనగానే మిగతా మెసేజ్‌లు చూడటం కూడా మానేస్తారు. అందుకని ముందు ఇదొక్కటి బుర్రలో పెట్టుకోండి. డబ్బులు రావాలంటే మీ నంబరో అకౌంట్ వివరాలో ఇవ్వడం తప్ప మీరు చెయ్యాల్సిన పని ఇంకేం ఉండదు. పిన్ కొట్టమన్నా, లింక్ ఓపెన్ చెయ్యమన్నా, కోడ్ చెప్పమన్నా, ముందు మీరు కొంచెం కట్టండి అన్నా ఇక ఆ మనిషితో మాట్లాడక్కర్లేదు.

మొదటి మెసేజ్‌ల్లోనే చాలావరకు తెలిసిపోతుంది. "ఇంకా ఉందా?" అని అడిగితేనే అనుమానించక్కర్లేదు, చాలా సైట్లలో అది బటన్ నొక్కితే వెళ్ళే రెడీమేడ్ మెసేజ్, నిజమైన వాళ్ళు కూడా అదే పంపుతారు. ఆ తర్వాత ఏం మాట్లాడతారో చూడండి. నిజంగా కొనేవాళ్ళు ఎన్నాళ్ళు వాడారు, గీతలున్నాయా, బిల్లుందా, ఎందుకు అమ్ముతున్నారు అని విసిగిస్తారు, బేరమాడతారు. దొంగ బయ్యర్‌కి ఇవేం పట్టవు. వస్తువు పేరు కూడా చెప్పకుండా "ఐటమ్" అంటాడు, చెప్పిన రేటుకి వెంటనే ఒప్పుకుంటాడు, వీలైతే ఇంకొంచెం ఎక్కువే ఇస్తానంటాడు, యాడ్ తీసేయండి వేరేవాళ్ళకి ఇవ్వద్దు అని తొందరపెడతాడు. డౌట్ వస్తే ఒక ఉత్తుత్తి ప్రశ్న వెయ్యండి. మీ దగ్గరున్నది ఒక్క నల్ల ఫోనే అయినా "నలుపు కావాలా నీలం కావాలా" అని అడగండి, యాడ్ చూసినవాడైతే "ఒకటే కదా పెట్టారు" అంటాడు, చూడనివాడు ఏదో ఒక రంగు చెప్పేస్తాడు.

తర్వాత కథ మొదలవుతుంది. నేను ఊళ్ళో లేను, ఆర్మీలో ఉన్నాను, మా తమ్ముడో కొరియర్ వాళ్ళో వచ్చి తీసుకెళ్తారు, డబ్బులు ఇప్పుడే పంపేస్తా అంటారు. నమ్మకం కోసం యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు కూడా పంపుతారు. ఆ కార్డులు చాలాసార్లు ఇంకెవరివో కొట్టేసినవి, లేదా ఎడిట్ చేసినవి. అసలు వస్తువు కొనడానికి మనం అడక్కుండానే ఐడీ కార్డు పంపాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది చెప్పండి. ఇంకోటి, మొదట్లోనే "వాట్సాప్‌లోకి రండి" అంటే ఒప్పుకోవద్దు, సైట్ చాట్‌లో ఉంటే కంప్లైంట్ ఇచ్చినప్పుడు వాళ్ళ దగ్గరే రికార్డ్ ఉంటుంది, బయటికెళ్తే మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్లే దిక్కు.

డబ్బుల దగ్గరే అసలు ఆట. బాగా ఎక్కువగా వాడేది క్యూఆర్ కోడ్. "ఇది స్కాన్ చెయ్యండి మీకు డబ్బులు పడతాయి" అంటారు, నమ్మకం కలగడానికి ముందు చిన్న మొత్తం నిజంగానే పంపుతారు, తర్వాత పంపేది మీ దగ్గర్నుంచి డబ్బు కట్టించే కోడ్. స్క్రీన్ మీద పే అని స్పష్టంగానే ఉంటుంది కానీ ఫోన్లో వాడు గబగబా మాట్లాడుతుంటే చదివే తీరిక ఎక్కడుంటుంది. ఫోన్ పెట్టేసి చదవండి. పిన్ అడిగిందంటే మీ అకౌంట్‌లోంచి పోతున్నట్టే.

స్క్రీన్‌షాట్‌ని, మెసేజ్‌ని అస్సలు నమ్మొద్దు. బ్యాంక్ పేరుతో ఎస్ఎంఎస్, పేమెంట్ కంపెనీ లోగోతో ఈమెయిల్ ఎవరైనా తయారు చెయ్యొచ్చు, పచ్చ టిక్ పడి సౌండ్ వచ్చే ఫేక్ యాప్‌లు కూడా ఉన్నాయి. "డబ్బులు హోల్డ్‌లో ఉన్నాయి, పార్సిల్ పంపి ట్రాకింగ్ నంబర్ ఇస్తే రిలీజ్ అవుతాయి" అనే మెయిల్ మరీ చిక్కుది, ఎందుకంటే పేపాల్ లాంటి ఆన్‌లైన్ పేమెంట్ సర్వీసుల్లో కొత్త సెల్లర్లకి నిజంగానే హోల్డ్ పెట్టడం ఉంది. కాకపోతే నిజమైన హోల్డ్ అయితే మీరు స్వయంగా లాగిన్ అయితే అకౌంట్ లోపల కనిపిస్తుంది. మెయిల్‌లో లింక్ నొక్కి కాదు, మీ యాప్ మీరే తెరిచి చూడండి, అక్కడ లేకపోతే రానట్టే.

ఎక్కువ పంపేశాను, మిగతాది వెనక్కి పంపండి అనేది ఇంకో పాత ఎత్తు. చెక్కు అయితే మరీ ప్రమాదం, బ్యాంక్ అకౌంట్‌లో డబ్బు చూపించిన కొన్ని రోజులకో వారాలకో కూడా ఆ చెక్కు దొంగదని తేలి వెనక్కి పోవచ్చు, అప్పటికి మీరు పంపిన మిగతా డబ్బు, వస్తువు రెండూ పోయుంటాయి. ఎక్కువ వచ్చిందంటే మీ బ్యాంకుకి ఫోన్ చేసి వచ్చిన దారిలోనే వెనక్కి పంపమనండి, వాడు చెప్పిన ఇంకో అకౌంట్‌కి మాత్రం వెయ్యొద్దు.

"మీరు నిజమైన సెల్లరో కాదో చూడాలి, ఒక కోడ్ పంపా చెప్పండి" అంటారు ఇంకొందరు. ఆ ఆరంకెల కోడ్ మీ వాట్సాప్‌ని వాళ్ళ ఫోన్లో తెరుచుకోవడానికో, మీ నంబర్ మీద గూగుల్ వాయిస్ (ఇంటర్నెట్‌లో పనిచేసే గూగుల్ ఫోన్ నంబర్) అకౌంట్ తీసుకోవడానికో. ఆ మెసేజ్‌లోనే ఎవరికీ చెప్పొద్దు అని రాసుంటుంది. అలాగే డెలివరీ కంపెనీ పేజీలా కనిపించే లింక్ పంపి డబ్బులు తీసుకోవడానికి కార్డు నంబర్, సీవీవీ పెట్టమంటారు. సీవీవీ అడిగేది డబ్బు కట్టించుకోవడానికే.

ఎదురుగా కలిసి ఇచ్చేస్తే చాలా గొడవలు తప్పుతాయి. పగటిపూట, జనం ఉన్నచోట, తోడు ఒకరిని తీసుకెళ్ళి, డబ్బులు మీ యాప్‌లో పడ్డాకే వస్తువు చేతికివ్వండి, పాపం నిలబడి ఉన్నాడు అని మొహమాటపడొద్దు. ఫోన్ అమ్ముతుంటే డబ్బు అందాక వాళ్ళ ముందే అకౌంట్లలోంచి లాగౌట్ అయి రీసెట్ చెయ్యండి. పార్సిల్ పంపాల్సి వస్తే సీరియల్ నంబర్ ఫోటో, ప్యాకింగ్ వీడియో తీసి పెట్టుకోండి, లేకపోతే రిటర్న్ పేరుతో పాడైపోయిన వేరే పీస్ వెనక్కొస్తే అది మీది కాదని చూపించడం కష్టం. పేమెంట్ అయ్యాక అడ్రస్ మారుస్తానంటే ఆర్డర్ క్యాన్సిల్ చేసి మళ్ళీ చెయ్యమనండి, పేమెంట్‌లో ఉన్న అడ్రస్‌కి కాకుండా వేరేచోటికి పంపితే రేపు వాడు వస్తువు అందలేదు, డబ్బు వెనక్కివ్వండి అని డిస్ప్యూట్ వేసినప్పుడు మీ చేతిలో ప్రూఫ్ ఉండదు.

ఒకవేళ డబ్బు పోయిందా, ముందు వాడితో వాదనకి దిగకండి. మొదటి ఫోన్ బ్యాంకుకే, అదీ కార్డు వెనకున్న నంబర్‌కి, సెర్చ్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్‌కి కాదు. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత చాట్ అంతా స్క్రీన్‌షాట్ తీసి, అప్పుడు బ్లాక్ చేసి, సైట్‌కి, పోలీసులకి కంప్లైంట్ ఇవ్వండి. కొన్నాళ్ళకి ఎవరో ఫోన్ చేసి మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, చిన్న ఫీజు కట్టండి అంటారు, ఒకసారి మోసపోయినవాళ్ళ నంబర్లు ఇలా చేతులు మారుతుంటాయి. వాళ్ళకి రిప్లై ఇవ్వకండి, కంప్లైంట్ ఎక్కడిదాకా వచ్చిందో మీ దగ్గరున్న నంబర్‌తో మీరే బ్యాంకులో, స్టేషన్లో కనుక్కోండి.