పార్కులో చెట్ల పేర్లు నేర్చుకుందాం, మూడో పాఠం: ఆకు ఎక్కడ మొదలవుతుంది?

పోయిన రెండు పాఠాల్లో చెట్టు ఆకారం, బెరడు చూశాం కదా. అక్కడిదాకా పిల్లలకి బాగానే వస్తుంది, ఆకు దగ్గరకి రాగానే తికమక మొదలవుతుంది. ఎందుకంటే మనం ఆకు అని చేతిలో పట్టుకునేది చాలాసార్లు పూర్తి ఆకు కాదు, ఆకులో ఒక ముక్క. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుబడితే బెంగళూరు లాల్‌బాగ్ తోటలో చాలా చెట్ల దగ్గర ఇంక తడుముకోనక్కర్లేదు, అందుకే ఈ పాఠం మొత్తం దీని మీదే పెడుతున్నా.

పార్కుకి వెళ్లే ముందు రోజు వంటింట్లో మొదలుపెట్టండి. కరివేపాకు కట్టలోంచి కొంచెం లావు పుల్ల ఉన్న కొమ్మ ఒకటి ఏరండి. ఊడిపోయిన రెబ్బలు పనికిరావు, రెబ్బలు పుల్లకి అంటుకునే ఉండాలి. ఇప్పుడు పుల్లకీ రెబ్బకీ మధ్య సందులో చూడండి, కంటికి దగ్గరగా పెట్టుకుని, కనపడకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి. అక్కడ ఆకుపచ్చగా బుల్లి మొగ్గ ఉంటుంది, ఆవగింజ కంటే చిన్నది కూడా కావచ్చు. తర్వాత రెబ్బ మీదున్న చిట్టి ఆకులు ఒక్కోటీ కాడకి అంటుకునే చోట చూడండి, అక్కడ మొగ్గ ఉండదు. రూల్ ఇదే: మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. అంటే పోపులో వేయడానికి మనం దూసే రెబ్బ మొత్తం కలిపి ఒక్క ఆకు, దాని మీదున్న పదిహేనో ఇరవయ్యో అన్నీ ఆ ఆకు ముక్కలే. స్కూల్ పుస్తకంలో వాటిని పత్రకాలు అంటారు, మనం చిట్టాకులు అనుకుందాం, పిల్లలకి అదే ఈజీ.

మునగాకు తెచ్చిన రోజు ఇదే ఇంకోసారి చేయించండి. పప్పులో వేయడానికి కూర్చుని గిల్లే ఆ బుల్లి బుల్లి ఆకులన్నీ, కాడ నుంచి కాడ, దాని నుంచి ఇంకో కాడ విడిపోయినవన్నీ కలిపి, మళ్లీ ఒక్క ఆకే! మారేడు సంగతి అయితే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, దళాలు మూడు, పత్రం ఒకటే, పూజలో ఎప్పటినుంచో అలాగే లెక్కపెడుతున్నాం. ఇక గుమ్మానికి కట్టే మామిడాకు ఒంటి ఆకు, దానికి ముక్కలు లేవు.

ఇంత చాలు, ఇక పార్కు.

లాల్‌బాగ్‌నే ఎందుకు చెప్తున్నానంటే అక్కడ చాలా చెట్లకి పేరు పలకలు ఉంటాయి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు, ప్రపంచంలో ఎక్కడెక్కడి చెట్లో ఉన్నాయి, నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు బెంగళూరులో లేదని నా గట్టి అభిప్రాయం. గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే వెస్ట్ గేట్ దగ్గరే. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కితే చిన్నపిల్లలు ఆకు మీద దృష్టి పెట్టరు. రిపబ్లిక్ డేకి, ఆగస్టు పదిహేనుకి ఫ్లవర్ షో జరిగే రోజుల్లో మాత్రం ఈ పాఠం పెట్టుకోకండి, ఆ జనంలో చెట్టు కింద నిలబడటానికే వీలుండదు.

చెట్టు దగ్గరకి వెళ్లగానే పలక చదవకండి. ఒకరు పలకకి అడ్డంగా నిలబడాలి, మిగతావాళ్లు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పి, పేరు ఊహించి, ఆ తర్వాతే పలక చూడాలి. ఒకటి, ఆకు ఒంటి ఆకా, చిట్టాకులు ఉన్న ఆకా? రెండు, చిట్టాకులు ఉంటే అవి కాడకి అటూ ఇటూ వరసగా ఉన్నాయా, లేక అన్నీ కాడ చివర ఒకే చోట నుంచి వచ్చాయా? మూడు, కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటు మార్చి మార్చి ఉన్నాయా? చెట్టు మీది ఆకు తెంపకండి, అది రూల్ కూడా. కింద రాలిన కొమ్మలు చాలు, గాలివాన పడిన మర్నాడు అయితే కావలసినన్ని దొరుకుతాయి, కానీ గాలి వీస్తున్నప్పుడు మాత్రం పెద్ద చెట్ల కింద అస్సలు నిలబడొద్దు. ఎత్తుగా తేనెపట్లు కనపడితే ఆ చెట్టు వదిలేసి పక్కకి వెళ్లిపోండి, పిల్లలు రాళ్లు విసరకుండా చూసుకోండి.

మొదటి చెట్టుగా కానుగ పట్టుకోండి, ఇక్కడివాళ్లు హొంగె అంటారు, పార్కులోనే కాదు మీ వీధిలో కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఒక ఆకులో మామూలుగా అయిదో ఏడో చిట్టాకులు, జతలుగా వచ్చి చివర ఒంటిగా ఒకటి, ఆ చివరిది అన్నిటికంటే పెద్దది. పైన నున్నగా మెరుస్తుంది. ముదిరిన ఆకు తిప్పి చూస్తే తెల్లటి మరకలో, పొక్కులో చాలాసార్లు ఉంటాయి, అవి పురుగుల పని, చెట్టుకి ఏదో రోగం అని పిల్లలు భయపడతారు గానీ కానుగకి అది మామూలే, పైగా గుర్తుపట్టడానికి అదే పనికొస్తుంది. మా అత్తయ్య కదిరి నుంచి వచ్చినప్పుడు పార్కుకి తీసుకెళ్తే ఈ చెట్టు దగ్గర ఆగి, ఇది గానగ కదా, దీని ఆకు కోసుకొచ్చి వరి మడిలో వేసి తొక్కించేవాళ్లం అని చెప్పడం మొదలుపెట్టింది, మా వాడు ఎందుకు తొక్కించడం అని, అది కుళ్లి ఎరువు అవుతుందిరా అని ఆమె, అట్లా నడిచింది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ ఫ్లాట్‌లో బాల్కనీకీ టీవీకీ మధ్య ఉండిపోతారు, పార్కులో వాళ్లకి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఈ పాఠానికి వాళ్లే టీచర్లు, దయచేసి వాళ్లని ఇంట్లో వదిలి వెళ్లకండి.

రెండోది అసలు పరీక్ష, జకరాండా, తురాయి. తురాయి అంటే గుల్‌మొహర్. బెంగళూరు వీధుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండటం వెనక క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన ఉన్నాడు, 1908లో ఇక్కడికి వచ్చి 1932 దాకా ఇక్కడి తోటల పని చూశాడు, ఒకటి పూసి ఆగేసరికి ఇంకొకటి పూసేలా చెట్లు ఎంచి నాటించాడు. అందువల్ల మార్చి ప్రాంతంలో ఊదా రంగు పూలుంటే జకరాండా, ఏప్రిల్ మేలో ఎర్రగా ఉంటే తురాయి, ఎవరైనా చెప్తారు. మరి ఆగస్టులో? రెండూ పచ్చగా, రెండిటికీ కాడ నుంచి కాడలు విడిపోయి సన్నటి చిట్టాకులు, కింద నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ఇక్కడే మూడో ప్రశ్న పనిచేస్తుంది. జకరాండా ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, తురాయివి మార్చి మార్చి ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే చిట్టాకు చివర చూడండి, జకరాండాది మొనదేలి ఉంటుంది, తురాయిది గుండ్రంగా ఉంటుంది. మొగ్గ ఎక్కడుందో తెలియకుండా ఆ మూడో ప్రశ్నకి జవాబు రాదు, ఎందుకంటే రెండిటిలోనూ చిట్టాకులు జతలుగానే కనపడతాయి, పిల్లలు వాటిని చూసి రెండూ ఎదురెదురే అనేస్తారు. కరివేపాకు కొమ్మతో చేసిన పని మళ్లీ గుర్తు చేయండి, ముందు మొగ్గ వెతుకు, తర్వాత లెక్కపెట్టు అని.

మూడోది కొంచెం పెద్ద పిల్లలకి. గులాబీ రంగు పూల టబేబుయాకి కాడ చివర ఒకే చోట నుంచి అయిదు చిట్టాకులు వస్తాయి. ఏడాకుల చెట్టుకీ దూరం నుంచి అచ్చం అలాగే గుత్తిగా కనపడతాయి, కానీ అవి ఒక్కోటీ ఒంటి ఆకే, ప్రతిదీ నేరుగా కొమ్మకే అంటుకుని కణుపు చుట్టూ నిలబడతాయి. టబేబుయాకి అయితే అయిదూ కలిసే చోట నుంచి పొడుగు కాడ ఒకటి కొమ్మదాకా వెళ్తుంది, మొగ్గ ఆ కాడ మొదట్లో ఉంటుంది. ఈ తేడా కనిపెట్టిన పిల్లలకి ఇంక ఏ చెట్టూ కష్టం కాదు.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సన్నగా పొడుగ్గా పెంచే చెట్టుని అందరం అశోక అంటాం కదా, దానిది అంచులు అలలు తిరిగిన ఒంటి ఆకు. అసలు అశోకకి చిట్టాకులు ఉంటాయి, నారింజ ఎరుపు పూల గుత్తులు కొమ్మల మీదే పూస్తాయి. రెండూ వేర్వేరు చెట్లని ఆకే చెప్పేస్తుంది.

సాయంత్రం దాకా ఉండగలిగితే నిద్రగన్నేరు కింద కూర్చోండి, వెలుతురు తగ్గేకొద్దీ చిట్టాకులు జతకి జత ముడుచుకుంటాయి. మధ్యలో పిల్లలు విసిగితే పార్కులోనే ఉన్న పెద్ద బండ మీదకి పరిగెత్తనివ్వండి, అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, పైన బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరు మీద గోపురం ఉంది, ఒక అరగంట అక్కడ గడిపి మళ్లీ చెట్ల దగ్గరకి రావచ్చు.

యాప్‌ల గురించి చాలామంది అడుగుతారు. ఫొటో తీస్తే పేరు చెప్పేస్తుంది, నిజమే, కానీ అలా వచ్చిన పేరు ఇంటికి వచ్చేలోపు పోతుంది, ఎందుకు ఆ పేరో పిల్లలకి తెలియదు కాబట్టి. మూడు జవాబులూ నోట్‌బుక్‌లో రాసి, ఊహించిన పేరు కూడా రాసి, ఆ తర్వాత యాప్ తెరవండి. తప్పు వస్తే ఏ ప్రశ్న దగ్గర తప్పామో వెనక్కి వెళ్లి చూడటం, పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం అదే.

ఈ వారం హోంవర్క్: మీ వీధిలో అయిదు చెట్లు. ఒక్కోదానికి ఒక పేజీ, రాలిన ఆకు పూర్తిగా దొరికితే అతికించండి, చిట్టాకు ఒక్కటే దొరికితే వద్దు. మూడు ప్రశ్నల జవాబులు రాయండి, చిన్నవాళ్లు రాయలేకపోతే బొమ్మ వేయనివ్వండి. పేరు తెలియకపోతే ఆ గీత ఖాళీగా ఉంచండి, కింద రాలిన కాయ ఏదైనా కనపడితే కవర్లో వేసి దాచండి, నాలుగో పాఠం కాయల మీద, ఆ ఖాళీలు చాలావరకు అప్పుడు నింపుదాం.