బాల్యానికి వీడ్కోలు చెప్పే రాక్ పాటను కట్టే విధానం

బాల్యాన్ని వదిలి వెళ్లే పాట రాయదలచినవారు ముందుగా బాల్యం, గతం, జ్ఞాపకం అనే మాటలను పక్కన పెట్టి, ఒక చోటునో ఒక వస్తువునో పట్టుకోవాలి. 1967లో ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ ఒకే రికార్డుపై విడుదల చేసిన రెండు పాటల్లో ఒకదానికి లివర్‌పూల్‌లోని ఒక వీధి పేరు, మరొకదానికి అక్కడి పిల్లల ఆశ్రమం పేరు పెట్టారు. రెండూ వారి చిన్ననాటి చోట్లే. మనకైతే, ఖాళీ చేస్తున్న ఇంటి ద్వారబంధం మీద ఏటా పెన్సిలుతో గీసిన ఎత్తు గీతలు చాలు. ఆరు గీతల పక్కన తేదీలు నాన్న చేతిరాతలో ఉన్నాయని, ఏడో తేదీ మాత్రం అమ్మ చేతిరాతలో ఉందని పాడితే, మిగిలిన కథ వినేవారికే తెలిసిపోతుంది.

సినిమా పాటలా పల్లవితో మొదలుపెట్టకుండా, చరణంతో మొదలుపెట్టి, గుమ్మం దాటే క్షణంలో పల్లవిని తీసుకురావాలి. పల్లవిలో గొంతెత్తి సాగదీసే చోట "వెళ్తున్నాను" అని రాస్తే, చివరి ఉకారం దగ్గర పెదవులు ముడుచుకుని గొంతు బిగుసుకుంటుంది. "వెళ్తున్నా" అని రాస్తే నోరు తెరుచుకుని స్వరం నిలుస్తుంది. వదిలేసేదాన్ని తిట్టవలసిన అవసరం లేదు. కోపాన్ని డ్రమ్స్‌కు అప్పగించి, మాటలను ప్రేమగానే ఉంచడం నాకు సరైనదనిపిస్తుంది.

లయ నాలుగు దెబ్బలది, వేగం నిమిషానికి 130 దెబ్బల దగ్గర ఉంటే బాగుంటుంది. చరణానికి గిటార్ మీద ఇ, సి, జి, డి పవర్ కార్డులు, అంటే ఒకేసారి మోగించే రెండేసి స్వరాల జతలు, వాడాలి. వీటిలో మూల స్వరమూ దాని పంచమమూ తప్ప, సంతోషమా విషాదమా అని తేల్చే గాంధారం ఉండదు కనుక, ఇల్లు వదిలేవాడి రెండు మనసులకూ ఇవి సరిగ్గా సరిపోతాయి. కుడి అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు ఆనించి, శబ్దాన్ని అణచి వాయించాలి. పల్లవి రాగానే ఆ చేతిని ఎత్తేసి జి, డి, ఇ మైనర్ (విషాదం పలికే ఇ), సి కార్డులను గాంధారంతో సహా నిండుగా మీటాలి.

ముగింపు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఈ పాటకు జి ఆధార షడ్జమం, అంటే స్వరాలకు ఇల్లు. ప్రతిసారీ సి తర్వాత జికి తిరిగి వచ్చిన పల్లవి, చివరిసారి ఆ ఇంటికి రాకుండా సి దగ్గరే ఆగిపోవాలి. డ్రమ్స్ నిలిచిపోయాక కూడా, తీగలు వాటంతట అవే సద్దుమణిగేదాకా వాటి మీద చేయి వేయకూడదు.