చేపలకి స్టీలు డబ్బా, ఆకుకూరలకి తడిగుడ్డ

విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారుకి పెద్ద సంచి పట్టుకెళ్లినా, టమాటాలకో ప్లాస్టిక్ కవరు, పచ్చిమిర్చికో కవరు వచ్చేస్తూనే ఉంటాయి. అందుకే పాత నూలు చీర కత్తిరించి, మూతికి తాడు పెట్టి, ఆరేడు చిన్న సంచులు కుట్టుకోండి. తూకం అనుమానముంటే ముందు ఖాళీ సంచిని కాటా మీద పెట్టి సున్నా చేయమనండి. తోటకూర కట్టల్ని తడిపి పిండిన గుడ్డలో చుడితే ఎండకి వాడిపోవు.

అసలు చిక్కు చేపలతోనే. నీచు నీళ్లు కారతాయని రెండేసి కవర్లు వేస్తారు, వాటిని కడిగి మళ్లీ వాడలేం. క్లిప్పుల మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా ఇవ్వండి, కిలో వంజరం ముక్కలు హాయిగా పడతాయి. కాకపోతే బేరం కుదరగానే "కవరొద్దమ్మా, డబ్బా తెచ్చాను" అనేయాలి. చేప కోయడం అయ్యేదాకా ఆగితే అప్పటికే కవరు విప్పేసి ఉంటారు. 120 మైక్రాన్ల లోపు మందమున్న ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే, అయినా కనిపిస్తూనే ఉన్నాయి. మన గెడ్డల్లో, అంటే ఊళ్లోని వాగుల్లో, పడ్డ కవరు చేరేది ఆ చేపలున్న సముద్రంలోకే. తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

డబ్బా కడిగి ఆరగానే స్కూటర్ డిక్కీలో పెట్టేయండి, లేకపోతే సరిగ్గా చేపలు కొనే రోజే మర్చిపోతాం.