గుండె మందుల మీద పరిశోధన వార్త వస్తే ఎలా చదవాలి

మా అమ్మకు గుండె పంపింగ్ 35 శాతమే ఉందని ఎకోలో (గుండె స్కానింగ్‌లో) తేలిన దగ్గర్నుంచి చుట్టాలు వాట్సాప్‌లో వార్తలు పంపుతూనే ఉన్నారు. ఒకరు ఫలానా మందు అద్భుతం అంటారు, ఇంకొకరు అదే మందు విషం అంటారు. నేను ప్రతిదీ చదువుతాను, అమ్మ ప్రాణం సంగతి కదా.

ముందు చూడాల్సింది: పరిశోధనలో దేన్ని కొలిచారు? ఇది తేలకుండా మిగతాది చదవడం దండగ. గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లలో మధ్యమధ్య ఎక్స్‌ట్రా బీట్లు ఎక్కువగా ఉంటే ప్రాణానికి ముప్పు ఎక్కువని డాక్టర్లకు తెలుసు. వాటిని అణిచేస్తే మనిషి బతుకుతాడని చాలామంది నమ్మారు. కాస్ట్ అనే పరిశోధనలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులతో బీట్లు నిజంగానే తగ్గినవాళ్లను తీసుకుని, సగంమందికి ఆ మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర (లోపల మందు లేనిది) ఇచ్చారు. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మందే. 1989లో ఆ మందులను మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు. అందుకే వార్తలో 'లయ సరిపడింది' అని మాత్రమే ఉంటే నాకు చాలదు. మరణాలు, ఆస్పత్రిలో చేరడాలు తగ్గాయా అని వెతుకుతాను.

తర్వాత శాతం. 2019లో వచ్చిన డాపా-హెచ్ఎఫ్ అనే పరిశోధన ఫలితాల్లో, మొదట షుగర్ మాత్రగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ ముప్పును 26 శాతం తగ్గించింది. అసలు లెక్క అడగండి. సుమారు ఏడాదిన్నరలో గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు, గుండె వైఫల్యం (గుండె సరిగా పంప్ చేయలేకపోవడం) ముదిరినవాళ్లు కలిపి ఉత్తుత్తి మాత్ర వైపు 21.2 శాతం, మందు వైపు 16.3 శాతం. అంటే నూటికి ఐదుగురు తక్కువ. నా దృష్టిలో అది చాలా పెద్ద మేలు.

అందులో ఎవరున్నారో కూడా చూడండి. పంపింగ్ 40 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లు. షుగర్ లేనివాళ్లకూ మేలు జరిగింది. కాబట్టి 'షుగర్ లేదు, షుగర్ మాత్ర ఎందుకు రాశారు?' అని టెన్షన్ పడి మానేయొద్దు.

వార్త, ఎకో రిపోర్టు, క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షల రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ పట్టుకెళ్లి 'ఇది మా అమ్మకు పనికొస్తుందా?' అని డాక్టర్‌ను అడగండి. ఆయన చెప్పేదాకా ఏ మాత్రా సొంతంగా ఆపొద్దు, కొత్తది మొదలుపెట్టొద్దు.