ఒక్క చెరువును ఏడాదంతా చూడండి: తిరుపతి చుట్టుపక్కల పిట్టలు చూసే పద్ధతి

ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా చేశాను. చాలా ఏళ్లు తిరుపతి–పీలేరు రూటులో తెల్లవారి మొదటి ట్రిప్పు నాదే. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట రెక్క విప్పి ఎగిరితే ఆ నీలం చూసి టికెట్లు కొట్టడం మరిచిపోయేవాణ్ణి. బస్సు ఆగదు కదా, పిట్టను తృప్తిగా చూసే వీలు ఉండేది కాదు. రిటైరయ్యాక చంద్రగిరి దగ్గర మా ఊరి చెరువుకట్ట మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మనవరాలు కూడా "తాతా, నేనూ వస్తా" అని వెంట వస్తోంది. దానికి నేర్పిన వరసలోనే మీకూ చెబుతున్నాను.

మొదటి మాట: వారానికో కొత్త చోటికి పరిగెత్తకండి. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే చెరువో, కుంటో, తోటో ఒకటి ఎంచుకోండి. వారానికి ఒక్కసారైనా, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు అక్కడికే వెళ్లండి. ఎండెక్కితే పిట్టలు కొమ్మల్లోకి వెళ్లిపోతాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. తెల్ల చొక్కా వద్దు, మట్టిరంగో ఆకుపచ్చో వేసుకోండి.

బైనాక్యులర్ కొంటే 8×42 కొనండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందున్న అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లది కొంటే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ కూడా వణుకుతుంది. పిట్ట కనిపించగానే చూపు దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల వంచి బైనాక్యులర్ వైపు చూశారంటే పిట్ట తప్పిపోయినట్టే. మా మనవరాలికి ఇది పట్టుబడటానికి నెల పట్టింది.

పేరు తెలియలేదని టెన్షన్ పడకండి. పిచ్చుకంతా, గోరువంకంతా, కాకంతా? ముక్కు ఎలా ఉంది? నేల మీదా, నీటి అంచునా, చిటారు కొమ్మనా? ఇవి నోటుబుక్కులో రాసుకుంటే చాలు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉంది, కూత విని పేరు చెబుతుంది. అది చెప్పిన పిట్టను మీ కళ్లతో చూశాకే పుస్తకంలోకి ఎక్కించండి.

ఇక కాలాల సంగతి. వానాకాలమంటే జూన్, జూలై అని చాలా చోట్ల రాస్తారు. మన తూర్పు వైపు చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల ముసురులో. అందుకే నా లెక్క అక్టోబరుతోనే మొదలవుతుంది.

ఆ నెలల్లో చెరువు కంటే ముందు తోటల్లో చెట్ల కింద చూడండి. ఎండుటాకుల్లో ఏదో గెంతుతున్న చప్పుడు వినిపిస్తే కదలకుండా నిలబడండి. ఇండియన్ పిట్టా అనే పక్షి కావచ్చు. హిమాలయాల దిగువన, మధ్యభారతంలో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. ఒక నవంబరు పొద్దున మా మామిడితోటలో పది అడుగుల దూరంలో కనిపించింది. గోరువంక కంటే చిన్నది, తోక లేదేమో అనిపించేంత పొట్టి. వీపు ఆకుపచ్చ, పొట్ట గోధుమరంగు, తోక కింద కుంకుమ ఎరుపు, రెక్క మీద నీలం, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లపట్టీ. ఆకుల్ని ముక్కుతో పక్కకు విసిరి, పురుగును లాగి, రెండు గెంతులు వేసి, తలెత్తి నావైపు చూసింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. పొద్దున వెలుగు వచ్చేటప్పుడు, సాయంత్రం మసక పడేటప్పుడు రెండు స్వరాలు కలిపి ఈల వేస్తుంది, ఆ కూత పట్టుకుని వెతకండి. ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది: 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పక్షి ఉన్న గుంపుకు (ప్రజాతికి) పెట్టిన 'పిట్టా' అనే పేరు మన తెలుగు 'పిట్ట' నుంచి తీసుకున్నదే. ప్రపంచమంతా ఈ పక్షిని మన మాటతోనే పిలుస్తోంది.

డిసెంబరు, జనవరిలో చెరువు దగ్గరే ఉండండి. ఒడ్డున తోక పైకీ కిందకీ ఆడించే వ్యాగ్‌టెయిళ్లు, తీగల మీద బారులు తీరిన వానకోవెలలు (స్వాలోలు) ఉంటాయి. తుంగ మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ పోయే గద్దలాంటి హారియర్ కనిపించిందంటే నీటిపిట్టలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి అదే సమయం. బుడబుంగలు మాత్రం ఎగరవు, మునుగుతాయి.

చలికాలంలో ఒక్కసారి మాత్రం మీ చెరువు వదిలి దూరం వెళ్లమంటాను. 2022 నుంచి సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు పెడతాయి. వాచ్ టవర్ ఎక్కితే పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తినడం కనిపిస్తుంది. అక్కడి నుంచి సూళ్లూరుపేట వచ్చి శ్రీహరికోట రోడ్డు పడితే, పులికాట్ సరస్సు నీళ్లలో తలకిందులుగా ముక్కు పెట్టి మేసే ఫ్లెమింగోలను రోడ్డు మీద నుంచే చూడొచ్చు. సెలవురోజు జనంలో కాకుండా మామూలు రోజు వెళ్లండి.

ఫిబ్రవరి, మార్చిలో బూరుగ, మోదుగ పూస్తాయి. పూసిన బూరుగ ఒక్కటి దొరికితే దాని ఎదురుగా గంట కూర్చోండి, గోరువంకలు, ఏట్రింతలు (తోక చీలిన నల్లపిట్టలు), తేనెపిట్టలు అన్నీ అక్కడికే వస్తాయి.

తలకోనకు కూడా ఇదే మంచి సమయం. భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లాలి. రాళ్లగుట్టల మీది పొదల్లో పసుపు గొంతు బుల్బుల్ కోసం చూడండి. మన దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండని పిట్ట, అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉంది. శేషాచలం అడవిలో అనుమతి లేకుండా దారి దిగి లోపలికి వెళ్లొద్దు. ఎర్రచందనం దొంగల వల్ల అటవీ సిబ్బంది అప్రమత్తంగా ఉంటారు, పైగా చిరుతలు తిరిగే చోటు. శ్రీవారి మెట్టు వైపు వెళ్లేవాళ్లు కూడా నడకదారి సమయాలు ముందే కనుక్కోండి.

ఏప్రిల్ నుంచి గూళ్ల కాలం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా నందివర్ధనం చెట్టులో పికిలిపిట్ట గూడు పెట్టింది. ఫొటో కోసం మూడు రోజులు కొమ్మ పక్కకు వంచి చూశాను. నేను ఎక్కడికి వెళ్తున్నానో కాకి చూస్తూనే ఉంది. నాలుగో రోజు గూడు ఖాళీ. తల్లి పిట్ట ముక్కులో పురుగు పట్టుకుని సాయంత్రం దాకా ఆ కొమ్మ చుట్టూ తిరిగింది. అప్పటి నుంచి గూడు కనిపిస్తే దూరం జరుగుతాను, ఎవరికీ చూపించను. ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పిలవడం కూడా ఈ నెలల్లో అసలు చేయకండి. పిల్లల్ని వదిలేసి అది పోట్లాటకు వస్తుంది.

ఎండిన చెరువులో నడిచేటప్పుడు అడుగు చూసి వేయండి. తీతువు గులకరాళ్ల మధ్య ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. మే ఎండలో పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అది అరుస్తూ మీ తల చుట్టూ తిరుగుతుంటే వచ్చిన దారినే వెనక్కి పోండి. ఇంటి దగ్గర వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి. మా ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి కిటికీలో కూర్చుంటే చెరువు కంటే ఎక్కువ పిట్టలు కనిపిస్తాయి.

జూలై, ఆగస్టులో బావి మీదికి వంగిన ఈత చెట్టో తుమ్మ చెట్టో వెతకండి. మగ గిజిగాడు గూడు సగం అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే మిగతా సగం, పొడుగు గొట్టంతో సహా పూర్తవుతుంది. నచ్చనివి సగంలోనే వేలాడుతుంటాయి. ఈ చెట్టు దగ్గరికి నెల రోజులు వరసగా వెళ్లి, ఏ గూడు ఎంత పెరిగిందో బొమ్మ గీసుకోండి.

సెప్టెంబరు రెండో వారం నుంచి మళ్లీ చెరువుకట్ట మీదికి రండి. మొదటి వ్యాగ్‌టెయిల్ కనిపించిన తేదీ, అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో రాసిపెట్టుకోండి. మా ఇంట్లో ఆ తేదీ రాసే పని మనవరాలిది.