సెషన్ ముందురోజు ప్యాచ్‌బేలో చెయ్యి పెడుతున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

రేపు పొద్దున్నే పాడేవాళ్ళు వస్తారు. ఇవాళ సాయంత్రంలోగా కొత్త కంప్రెసర్‌నీ (శబ్దంలో హెచ్చుతగ్గులు తగ్గించేది), మూలనున్న పాత రివర్బ్‌నీ (గొంతుకి ప్రతిధ్వని కలిపేది) ప్యాచ్‌బేలోకి, అంటే పరికరాల తీగలన్నీ ఒకచోట చేరే జాక్‌ల పలకలోకి, కలిపేయాలి. స్టూడియోలో సామాను దెబ్బతినేదీ, స్పీకర్లు పోయేదీ, సగం రోజు గాలికి పోయేదీ ఎక్కువగా ఇలాంటి సాయంత్రాల పుణ్యమే. రికార్డింగ్ సాఫీగా నడుస్తున్నప్పుడు సాధారణంగా ఏమీ కాదు. ప్లగ్ చేతిలో ఉండి, జాక్‌లో సగం దూరి ఉన్న ఆ ఒక్క క్షణమే ప్రమాదం. అప్పుడు ఆ తీగలో ఏముంది, అది ఎక్కడికి పోతుంది అన్నది మీకు ముందే తెలిసి ఉండాలి. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందు కాగితం

ర్యాక్ వెనక్కి వెళ్ళి కేబుళ్ళు లాగే ముందు ఒక కాగితం మీద ప్యాచ్‌బే బొమ్మ గీయండి. మామూలు క్వార్టర్ ఇంచ్ ప్యాచ్‌బేలో ముందువైపు 48 జాక్‌లు ఉంటాయి, పై వరసలో 24, కింది వరసలో 24. పై వరస అవుట్‌పుట్‌లకు, కింది వరస ఇన్‌పుట్‌లకు. ఈ పద్ధతి తప్పకండి. రెండూ కలగాపులగంగా పెట్టుకుంటే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు, పక్కవాళ్ళ సంగతి సరేసరి.

ప్రతి నిలువు జతకీ మూడు సంగతులు రాయండి: పైన ఏముంది, కింద ఏముంది, లోపల ఆ రెండింటికీ సంబంధం ఎలాంటిది. హాఫ్ నార్మల్ అయితే, ముందువైపు కార్డు (పొట్టి ప్యాచ్ కేబుల్) పెట్టకపోయినా పై జాక్ సిగ్నల్ లోపల్లోపలే కింది జాక్‌కి వెళ్ళిపోతుంది. పై జాక్‌లో కార్డు పెడితే ఆ దారి తెగదు, సిగ్నల్ రెండో చోటికి కూడా వెళ్తుంది. కింది జాక్‌లో పెడితేనే తెగుతుంది. ఫుల్ నార్మల్‌లో ఎక్కడ పెట్టినా తెగుతుంది. త్రూ అంటే పైకీ కిందకీ అసలు సంబంధమే ఉండదు.

ఏ జతకి ఏది పెట్టాలన్నది ర్యాక్‌లో బిగించకముందే తేల్చుకోండి. కొన్ని ప్యాచ్‌బేలకు పైభాగాన చిన్న స్విచ్‌లు ఉంటాయి, కొన్నిట్లో లోపలి సర్క్యూట్ బోర్డు తీసి తిప్పి పెట్టాలి. బిగించాక గుర్తొస్తే మళ్ళీ అన్నీ ఊడదీయాలి.

మిక్సర్ ఆక్స్ సెండ్ (సిగ్నల్ నకలుని ఎఫెక్ట్‌కి పంపే అవుట్‌పుట్) పైన, రివర్బ్ ఇన్‌పుట్ కింద ఉంటే హాఫ్ నార్మల్ పెట్టండి. ఛానెల్ ఇన్సర్ట్ (సిగ్నల్ మొత్తాన్ని బయటి పరికరానికి పంపి తిరిగి తెచ్చుకునే జాక్) సెండ్ పైన, అదే ఇన్సర్ట్ రిటర్న్ కింద ఉన్నా హాఫ్ నార్మలే. ఇక్కడ పొరపాటున త్రూ పెడితే ఆ ఛానెల్ మూగబోతుంది. ఇన్సర్ట్ జాక్‌లో ప్లగ్ దూరగానే మిక్సర్ లోపలి దారి తెగిపోయింది కదా, సిగ్నల్ బయట తిరిగి రావాల్సిందే.

అందరూ పడే గొయ్యి మాత్రం ఇంకోటి. కంప్రెసర్ అవుట్‌పుట్ పై జాక్‌కి, అదే కంప్రెసర్ ఇన్‌పుట్ దాని కిందే ఉన్న జాక్‌కి కలుపుతాం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఒకే పరికరం ఒకే జతలో. ఆ జత హాఫ్ నార్మల్‌లో ఉండిపోయిందంటే కంప్రెసర్ తన అవుట్‌పుట్‌ని తానే తింటుంది. గదిలో ఎవరూ పాడటం లేదు, ట్రాక్ ఆగి ఉంది, అయినా దాని మీటర్ ముల్లు తనంతట తాను వణుకుతుంది. గెయిన్ కాస్త పెంచితే చాలు, ఈల మొదలవుతుంది. ఆ ఈల మానిటర్ల (స్టూడియో స్పీకర్ల) ట్వీటర్లకి చేరితే సెకన్లలో పని అయిపోతుంది. ఇలా స్థిరంగా ఏదానికీ కలపని పరికరాల జతలన్నీ త్రూలో ఉండాలి. కాగితం మీద వాటి చుట్టూ ఎర్ర గీత గీసుకోండి.

48 వోల్టులు

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది ఫాంటమ్ పవర్‌కే, అంటే కండెన్సర్ మైక్‌లకి కేబుల్ గుండానే ఇచ్చే కరెంటుకే. మిక్సర్‌లో ఆ బటన్ నొక్కితే మైక్ కేబుల్‌లోని రెండు సిగ్నల్ తీగల మీదా 48 వోల్టులు చేరతాయి. రెండింటి మీదా సమానంగా ఉన్నంతసేపు మామూలు మైక్‌కి అది తెలియనే తెలియదు. ఇప్పుడు టీఆర్‌ఎస్ ప్లగ్‌ని (టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలున్నదాన్ని) జాక్‌లోకి నెమ్మదిగా తోస్తున్నట్టు ఊహించండి. చివరనున్న టిప్, తన చోటికి చేరే దారిలో రింగ్ తాలూకు స్ప్రింగ్‌ని రాసుకుంటూ పోతుంది. అదే సమయంలో ప్లగ్ రింగ్ జాక్ నోటి దగ్గరి ఎర్త్‌ని తాకుతుంది. ఆ క్షణంలో సమానత్వం పోతుంది. ఒక తీగ సున్నాకి పడిపోతుంది, రెండోదాని మీద వోల్టేజ్ అలాగే ఉంటుంది. స్పీకర్లలో ఢాం అని పేలేది అదే.

రిబ్బన్ మైక్ అయితే పేలుడుతో ఆగదు. దానిలోని అల్యూమినియం పట్టీ మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఆ కుదుపు ట్రాన్స్‌ఫార్మర్ గుండా పట్టీని చేరితే అది సాగిపోవచ్చు, తెగిపోవచ్చు. నా చేతిలోనే ఒకటి పోయింది, అదీ ఒక స్నేహితుడు నమ్మి ఇచ్చిన మైక్. పక్క ఛానెల్‌లోని కండెన్సర్ కోసం ఫాంటమ్ వేశాను. ఆ మిక్సర్‌లో ఎనిమిది ఛానెళ్ళకీ కలిపి ఒకటే బటన్ అని తెలిసీ, ఆ తొందరలో తట్టలేదు. ప్యాచ్‌బే మీదుగా రిబ్బన్ మైక్ లైన్ మార్చాను. తర్వాత అది పలికింది గానీ గొంతు మీద దుప్పటి కప్పినట్టు పలికింది. కొత్త పట్టీ వేయించి ఇచ్చాను, కానీ ఆ సాయంత్రం అతని ముఖం నాకు ఇంకా గుర్తుంది.

అందుకని నా నియమం ఒకటే: మైక్ లైన్లు ప్యాచ్‌బేలోకి రానే రాకూడదు. మైక్‌లు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్ళతో తిన్నగా ప్రీయాంప్‌లకు (మైక్ సిగ్నల్‌ని పెంచేవాటికి) వెళ్ళాలి, ప్రీయాంప్ దాటాక లైన్ లెవెల్‌లోనే ప్యాచ్‌బేకి రావాలి. తప్పనిసరై మైక్ లైన్‌ని ప్యాచ్ చేయాల్సి వస్తే, ఫాంటమ్ ఆపి, కనీసం ఒక నిమిషం ఆగి, ఫేడర్ కిందికి దించి, అప్పుడు ముట్టుకోండి. బటన్ లైటు ఆరిపోగానే వోల్టేజ్ పోయిందనుకోకండి, కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది.

గిటార్ యాంప్ నుంచి స్పీకర్‌కి వెళ్ళే అవుట్‌పుట్ కూడా ఎట్టి పరిస్థితిలోనూ ప్యాచ్‌బేకి రాకూడదు. ప్లగ్ ఒకేలా ఉంటుంది, అందులో వచ్చేది మాత్రం స్పీకర్‌ని నడిపే పవర్.

లెవెల్ లెక్క

స్టూడియో పరికరాలు ఎక్కువగా +4 డీబీయూ దగ్గర పనిచేస్తాయి, అంటే దాదాపు 1.23 వోల్టులు. ఇళ్ళలో వాడే సామాను, కొన్ని పాత ఎఫెక్ట్ పెట్టెలు −10 డీబీవీ దగ్గర, అంటే దాదాపు 0.32 వోల్టుల దగ్గర పనిచేస్తాయి. మధ్య తేడా సుమారు 12 డీబీ. పరికరం వెనక +4, −10 స్విచ్ ఉందేమో చూసి, ఉంటే రెండు చివరలా ఒకేలా పెట్టండి. తేడా ఉంటే ఒకవైపు చిటపటలాడుతూ పగులుతుంది, ఇంకోవైపు గెయిన్ పెంచీ పెంచీ హిస్ కూడా తెచ్చుకుంటాం.

గిటార్ పెడల్‌ని అవుట్‌బోర్డ్‌గా (మిక్సర్ బయటి ఎఫెక్ట్‌గా) వాడటం ఇప్పుడు బాగా నడుస్తోంది, నాకూ ఇష్టమే. కానీ లెక్క చూడండి. మిక్సర్ నుంచి +20 డీబీయూ పీక్ వచ్చిందంటే అది పైనుంచి కిందికి దాదాపు 22 వోల్టుల ఊపు. 9 వోల్టుల మీద నడిచే పెడల్‌లో అంత చోటే లేదు. వెళ్ళేటప్పుడు రీయాంప్ బాక్స్ (లెవెల్‌ని గిటార్ స్థాయికి దించేది), వచ్చేటప్పుడు డీఐ బాక్స్ (పెడల్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చేది) పెట్టండి.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో (రెండు సిగ్నల్ తీగలున్నదానిలో) మోనో ప్లగ్ పెడితే రింగ్ ఎర్త్‌కి షార్ట్ అవుతుంది. కొన్ని పరికరాలు దాన్ని తట్టుకునేలా కడతారు, కొన్ని తట్టుకోలేవు, వేడెక్కి శబ్దం పగులుతుంది. మాన్యువల్ తీసి చూడండి. ఇన్సర్ట్ కేబుల్‌ది ఇంకో తంటా. ఎక్కువ మిక్సర్లలో టిప్ సెండ్, రింగ్ రిటర్న్. కొన్ని పాతవాటిలో తిరగేసి ఉంటుంది. ఇన్సర్ట్ పెట్టాక ఛానెల్ మూగబోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

విడదీయొచ్చు, కలపకూడదు

ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్‌లకు పంచితే సాధారణంగా ఏమీ కాదు. రెండు అవుట్‌పుట్‌లను వై కేబుల్‌తో ఒకే ఇన్‌పుట్‌లో కలపకండి. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, శబ్దం పాడవుతుంది, పరికరం కూడా దెబ్బతినొచ్చు. కలపడానికే మిక్సర్ ఉంది.

సాధారణంగా కంప్రెసర్, ఈక్యూ లాంటివి ఇన్సర్ట్‌లో ఉండాలి, రివర్బ్, డిలే ఆక్స్‌లో ఉండాలి. ఆక్స్‌లో ఉన్న రివర్బ్‌ని పూర్తి వెట్‌లో (అసలు గొంతు లేకుండా ప్రతిధ్వని మాత్రమే వచ్చేలా) పెట్టండి. రివర్బ్ తిరిగొచ్చే ఛానెల్‌లో అదే ఆక్స్ నాబ్ సున్నాలో ఉందో లేదో వేలితో తిప్పి చూడండి. కంటితో చూస్తే చాలదు. అది కొంచెం తెరుచుకుని ఉన్నా రివర్బ్ తనలోకి తానే వెళ్ళి మెల్లగా ఉబ్బుతూ ఉబ్బుతూ కేక పెడుతుంది.

కంప్యూటర్ నుంచి హార్డ్‌వేర్ ఇన్సర్ట్ వాడేవాళ్ళు ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని 1, 2 అవుట్‌పుట్‌లను వదిలేయండి, అవి మామూలుగా మానిటర్లకు వెళ్ళేవి. బయటికి వెళ్ళి రావడానికి పట్టే సమయం కూడా ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ళ బఫర్ అంటే ఒక దారికే 5.3 మిల్లీ సెకన్లు. సాఫ్ట్‌వేర్‌లోని పింగ్‌తో (ఆ ఆలస్యాన్ని కొలిచే పరీక్షతో) కొలిచి సరిచేయకుండా ప్యారలల్ కంప్రెషన్ (అసలు సిగ్నల్‌కి కంప్రెస్ చేసినదాన్ని కలపడం) చేయకండి. ఒక్క మిల్లీ సెకన్ తేడా మిగిలినా 500 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది.

హమ్ వస్తే ఎర్త్ పిన్ జోలికి వెళ్ళకండి

కొత్త పరికరం కలపగానే సన్నగా హమ్, అంటే గుయ్‌మనే శబ్దం, మొదలవుతుంది. ఎవరో ఒకరు మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. హమ్ పోవచ్చు, కానీ ఆ పరికరంలో లోపం వచ్చిన రోజున దాని మెటల్ ఒంటి మీదికి మెయిన్స్ కరెంటు వస్తుంది. ఒక చేత్తో దాన్నీ ఇంకో చేత్తో మైక్‌నీ పట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు. అన్నిటికీ ఒకే చోటి నుంచి కరెంటు ఇవ్వండి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు వాడండి. అప్పటికీ పోకపోతే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదా ఆడియో కేబుల్ షీల్డ్‌ని ఒక చివర మాత్రమే విడదీయండి.

ఆన్ చేసేటప్పుడు ముందు ఎఫెక్ట్‌లు, తర్వాత మిక్సర్, అన్నిటికన్నా చివర మానిటర్లు. ఆపేటప్పుడు మానిటర్లే ముందు. వాల్వ్ (గాజు ట్యూబులతో నడిచే) పరికరాల పైన వీలైతే ఒక ర్యాక్ చోటు, అంటే 44 మిల్లీమీటర్లు, ఖాళీ వదలండి. వాటి మూత మాత్రం తీయకండి, ప్లగ్ పీకేశాక కూడా లోపల వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

చివరి పరీక్ష

అన్నీ కలిపాక మానిటర్లు బాగా తగ్గించి, 1 కిలోహెర్ట్జ్ టోన్‌ని −20 డీబీ దగ్గర పంపి ప్రతి జతనీ ఒక్కొక్కటిగా చూడండి. ఒక దాంట్లో 6 డీబీ తక్కువ వస్తోందంటే బ్యాలెన్స్‌డ్ లైన్‌లో ఒక కాలు పోయినట్టే. ఒకసారి పాడే అమ్మాయి గొంతు పలచగా వస్తోందని మైక్ మార్చాం, ప్రీయాంప్ మార్చాం, ఆవిడ నిలబడే చోటు కూడా మార్చాం. మూడు గంటల తర్వాత చూస్తే ప్యాచ్ కార్డు ప్లగ్ రెండు మిల్లీమీటర్లు బయట ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టాం. అంతసేపూ తప్పు తన గొంతుదేమోనని ఆవిడ మథనపడింది, నాకు అదే బాధ. అందుకే ఇప్పుడు ప్రతి ప్లగ్‌నీ టక్ అని లోపల కూర్చున్నట్టు వేలికి తెలిసేదాకా తోస్తాను.

ఎన్నాళ్ళుగానో ఎవరూ ముట్టని జాక్‌ల లోపలి నార్మల్ కాంటాక్ట్‌లు మసకబారి ఉంటాయి. ఒక మంచి ప్లగ్‌ని వాటిలో పదిసార్లు పెట్టి తీయండి, చాలావాటికి ప్రాణం వస్తుంది.

నాబ్‌ల స్థానాలు ఫొటో తీసుకోండి, పక్కన మాటల్లోనూ రాయండి. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్‌లో అటాక్ నాబ్ ఎంత కుడికి తిప్పితే అంత వేగం, చాలా కంప్రెసర్లలో దీనికి రివర్స్. ఫొటో మసగ్గా ఉంటే, రాత లేకపోతే, మర్నాడు అదే సౌండ్ మళ్ళీ దొరకదు.

ఇక ముందువైపున్న కార్డులన్నీ పీకేయండి. ఏ కార్డూ లేకుండా, నార్మల్స్ మీదే, పాత పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా మిక్సర్ గుండా వినండి. రెండు వైపులా సమానంగా, హమ్ లేకుండా వస్తే కార్డులను పొడవుల వారీగా కొక్కేనికి తగిలించి, కాగితాన్ని ర్యాక్ పక్కన అంటించి, మానిటర్లు ఆపి ఇంటికి వెళ్ళండి.