స్టీలు సామాన్లకు వేసేముందు ఆగండి: పాత నూలు చీరతో పసిపిల్లలకు బొంత, లంగోటాలు

వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లూ" అని కేక వినపడగానే బీరువా అడుగున పడున్న పాత నూలు చీరలు చంకన పెట్టుకుని గబగబా కిందికి దిగిపోతాం కదా, ఈసారి కాస్త ఆగండి. సామాన్లావిడకి కావాల్సింది ప్యాంట్లు, జరీ ఉన్న పట్టు చీరలు. ఉతికి ఉతికి పల్చబడ్డ నూలు చీరని ఆవిడ ఎగాదిగా చూసి, నాలుగు వేస్తే ఒక ప్లాస్టిక్ మగ్గు చేతిలో పెడుతుంది, అదీ మనం బేరమాడితే. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నా, ఎవరికైనా నెలలు నిండుతున్నా ఆ చీరతో మీకే ఎక్కువ పని ఉంటుంది. ఒక చీరలో పసిబిడ్డ కింద పరిచే బొంత ఒకటి వస్తుంది, నాన్నగారి పాత పంచె ఒకదాంట్లో డజను లంగోటాలు వస్తాయి. కుట్టు మిషన్ అక్కర్లేదు. టైలరింగ్ రాకపోయినా పర్లేదు, గుండీ కుట్టడం వస్తే ఇదీ వస్తుంది.

చాలా ఇళ్లలో బారసాల దాకా పసిబిడ్డకి కొత్త బట్ట తొడగరు, పెద్దవాళ్ల మెత్తటి పాత బట్టల్లోనే చుడతారు. ఆచారం సంగతి ఎలా ఉన్నా బట్ట పరంగా చూస్తే అది చాలా తెలివైన పని. కొత్త నూలులో గంజి ఉంటుంది, బిరుసుగా ఉంటుంది, నీళ్లు కూడా సరిగ్గా పీల్చదు. పదేళ్లు ఉతికిన చీరకి ఆ గొడవలేవీ ఉండవు.

ముందు బట్ట ఎంచుకోవడం

అసలు పని ఇదే, కుట్టడం కంటే ఇక్కడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నూలే అని చెప్పి అమ్మినవాటిలో పాలిస్టర్ కలిసినవి బోలెడు. తేల్చుకోవడానికి చీర మీద ఒక నీటి చుక్క వెయ్యండి. మంచి పాత నూలైతే వెంటనే పీల్చేస్తుంది, కలిపిన బట్టైతే చుక్క కాసేపు పైనే నిలబడుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే పిల్లలు నిద్రపోయాక నాలుగు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల అంటించండి. నూలు కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి ఉండలా మిగులుతుంది. అది లంగోటాలకి అస్సలు వద్దు. బొంతలో మధ్య పొరగా పెట్టుకోవచ్చంటారు కొందరు గానీ మన ఎండలకి అదీ అనవసరం.

తర్వాత రంగు చూడాలి. ముదురు ఎరుపు, నీలం, నలుపు చీరలుంటే తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్ది చూడండి. తెల్ల గుడ్డకి రంగు అంటితే ఆ చీర బిడ్డ ఒంటికి తగిలే చోట వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అమ్మమ్మల కాలం నుంచీ వింటున్నాం, కానీ పోయే రంగు ఎన్ని ఉప్పునీళ్లు పోసినా పోతూనే ఉంటుంది. ఇక చీకిపోయిన బట్ట. రెండు చేతులతో కాస్త లాగితేనే పర్రున చిరిగిందంటే దాన్ని లోపలి పొరలకి మాత్రమే వాడండి. నన్నడిగితే బొంతకి పైన వెంకటగిరి లాంటి సన్నటి నేత, అడుగున మంగళగిరి లాంటి కాస్త మందపాటి నేత చక్కగా కుదురుతాయి. పైది బిడ్డ చర్మానికి మెత్తగా ఉంటుంది, కిందది నేల రాపిడికి ఆగుతుంది.

జరీ అంచు ఉంటే ముందే కత్తిరించి తీసెయ్యండి. సన్నటి జరీ అయినా పసివాళ్ల చర్మానికి గీసుకుంటుంది.

లంగోటాలు

నాలుగు మీటర్ల పంచె దాదాపు యాభై అంగుళాల వెడల్పు ఉంటుంది. వెడల్పుని రెండుగా చేసి, పొడవులో ప్రతి 24 అంగుళాలకీ ఒక చిన్న గాటు పెట్టి చేత్తో చింపండి. నూలు బట్ట పోగు వెంట తిన్నగా చిరుగుతుంది, కత్తెరతో వంకర్లు పోవడం కన్నా ఇదే నయం, పైగా ఆ చప్పుడు పెద్దపిల్లకో పిల్లాడికో మహా సరదా, వాళ్లచేత కూడా లాగించండి. డజను చతురస్రాలు వస్తాయి. రోజుల బిడ్డ ఉన్న ఇంటికి రెండు మూడు డజన్లు చేతిలో ఉండాలి, వానాకాలమైతే ఇంకొన్ని.

చింపిన అంచుల్ని అలాగే వదిలెయ్యకండి. ఊడి వచ్చిన దారప్పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుసుకుపోతే రక్తం ఆడక వేలు వాచిపోతుంది, కారణం తెలియక బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది. తల్లి రాలిన వెంట్రుకతో కూడా ఇలా అవుతుంది. అందుకే నాలుగు వైపులా సన్నగా రెండు మడతలు వేసి కుట్టేయండి, ఓపిక లేకపోతే వీధి చివర టైలర్ దగ్గర మిషన్ మీద అంచులు కొట్టించండి. ఎందుకో ఆపకుండా ఏడుస్తున్న పసిబిడ్డని చూస్తే కాళ్లూ చేతుల వేళ్లు ఒకసారి తడిమి చూడడం ఎలాగూ మంచి అలవాటు.

కట్టడం తేలిక. ఐమూలగా మడిస్తే త్రికోణం అవుతుంది, పొడుగు అంచు నడుం కిందికి వచ్చేలా పరిచి, మధ్యలో ఇంకో గుడ్డని నాలుగు మడతలేసి పెట్టి, కింది కొసని కాళ్ల మధ్య నుంచి పైకి తెచ్చి, పక్క కొసలు రెండూ దాని మీదుగా ముడి వెయ్యాలి. పిన్నీసులు వద్దు. బొడ్డు ఊడేదాకా ముడి బొడ్డు కిందికే ఉండాలి, అక్కడ తడి తగలకూడదు. ముడి కింద మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి.

ఉతకడం గురించి రెండు మాటలు. దొడ్డికి వెళ్లిన గుడ్డని ముందు చన్నీళ్లతోనే జాడించండి, నేరుగా వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఆ తర్వాత మామూలు సబ్బు, వేడినీళ్లు, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడింపు, ఎండ. పసుపుపచ్చ మరక మిగిలినా టెన్షన్ పడకండి, తడి మీద ఎండలో ఆరేస్తే చాలావరకు తేలిపోతుంది. సువాసన కోసం వేసే కండిషనర్ మాత్రం ముట్టుకోవద్దు, అది పోగుల మీద జిడ్డు పొరలా పట్టి బట్ట పీల్చడం మానేస్తుంది. ముసురు రోజుల్లో సగం ఆరాక ఇస్త్రీ చెయ్యండి, తడీ పోతుంది, ముక్క వాసనా పోతుంది.

ఇంతా చెప్పి డయాపర్లు వాడొద్దనడం లేదు. ప్రయాణాలకి, రాత్రి నిద్రకి అవి హాయి, తల్లికి నాలుగు గంటలు నిద్ర దొరకడం కూడా పొదుపే. పగలు ఇంట్లో ఉన్నంతసేపు గుడ్డలు కడితే ఒక్కోటి పది రూపాయలకి అటూ ఇటూ ఉండే డయాపర్ల ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

బొంత

చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. అంచులు తీసేస్తే వెడల్పు నలభై దగ్గర ఉంటుంది. పొడవుని ఐదుగా చింపితే 43 అంగుళాల ముక్కలు ఐదు వస్తాయి. ఇవే మీ ఐదు పొరలు, పసిబిడ్డ కింద పరచడానికి సరిపోయే మందం. నడిచే పిల్లలకి పెద్దది కావాలంటే రెండు చీరలు తీసుకుని ఒక్కోదాంట్లో అరవై అంగుళాల ముక్కలు మూడేసి తీయండి, ఆరు పొరలవుతాయి. మిగిలిన ముక్కల సంగతి చివర్లో చెప్తాను.

అన్నిటినీ ముందే ఉతికి ఇస్త్రీ చెయ్యండి. ఈ మెట్టు దాటేస్తే మొదటి ఉతుకుకే ఒక పొర కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. తర్వాత నేల మీద అడుగు పొర పరిచి, మిగతావి ఒకదాని మీద ఒకటి అరచేత్తో సర్దుతూ పరవండి. నడిమి నుంచి నాలుగు మూలలకీ, ఆ తర్వాత నాలుగు అంచులకీ పొడుగు పొడుగు టాకాలు వెయ్యండి. ఇవి తర్వాత పీకేసేవే కాబట్టి అందంగా ఉండక్కర్లేదు, పొరలు జారకుండా పట్టుకుంటే చాలు. ఒకసారి టాకాలు పడ్డాక బొంతని మడిచి పక్కన పడేయొచ్చు, పిల్ల లేచి ఏడ్చినా ఫర్వాలేదు, మళ్లీ ఎప్పుడు తీసినా పొరలు పరిచినచోటే ఉంటాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఏ పనైనా ఇలా సగంలో వదిలెయ్యగలిగేదై ఉండాలని నా అభిప్రాయం, అందుకే నాకు అల్లికలకన్నా బొంతే ఇష్టం.

దారం నాలుగు పేటల నూలు దారం, సూది బెజ్జం పెద్దది. డబ్బనం వాడమని ఎవరైనా చెప్తే వినకండి, అది గోనెసంచులకి. పాత చీరకి దాంతో పొడిస్తే కన్నాలు పడి అక్కడి నుంచే చిరగడం మొదలవుతుంది. దారం మూరన్నర కంటే పొడుగు తియ్యొద్దు, చిక్కు పడుతుంది. ముడిని పొరల మధ్యలోకి లాగేయండి, పైకి కనిపించే ముడి బిడ్డ వీపుకి గుచ్చుకుంటుంది. గీతలు గియ్యడానికి అరిగిపోయిన సబ్బు ముక్క చాలు, ఉతకగానే పోతుంది. రెండు వేళ్ల ఎడంతో వరుసలు గీసి, అర అంగుళం కుట్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోవడమే. మరీ బిగించి లాగొద్దు, వదులుగానూ వదలొద్దు, కుట్టుకి చిన్న గుంట పడితే సరైన బిగువు. ఐదు పొరల్లోంచి సూది తోయడానికి వేలు నొప్పెడుతుంది, దర్జీలు వేలికి తొడుక్కునే లోహపు టోపీ ఇరవై ముప్పై రూపాయలకే దొరుకుతుంది, కొనుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల ఒక్కో నిద్రకి రెండు వరుసలు పడితే చాలు. నెలలు నిండేదాకా ఆగకుండా ఏడో నెల నుంచే మొదలుపెట్టండి, పురుడయ్యాక మీరు కుట్టేది ఏమీ ఉండదు. బాలింతకి సూది ఇచ్చే అత్తగారు ఎవరైనా ఉంటే ఆవిడకే ఆ బొంత అప్పగించండి.

వరుసలన్నీ అయ్యాక జరీ లేని అంచు నుంచి మూడు అంగుళాల పట్టీ తీసి, బొంత నాలుగు వైపులా మడిచి కుట్టండి. పైటచెంగు మీద మంచి బుటాలుంటే మొదట పొరలు పరిచేటప్పుడే అది పై పొరగా వచ్చేలా చూసుకోండి. బెంగాల్‌లో కాంథా పేరుతో జరిగే పని కూడా ఇలాంటిదే, పాత చీరలు పొరలు పేర్చి తిన్నటి కుట్లు వేయడమే. వాళ్ల కుట్లకి షోరూముల్లో వేలల్లో ధర పలుకుతోంది, మనం మాత్రం మన బొంతలు చుట్టాలొస్తే అటక మీద దాచేస్తున్నాం.

వాడేటప్పుడు రబ్బరు షీటు అడుగున, బొంత పైన. బొంత పరచడానికే, ఏడాది లోపు బిడ్డకి కప్పడానికి కాదు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, ముఖం దగ్గర దిండూ దుప్పటీ ఏవీ లేకుండా. ఉతకడానికి పెద్ద టబ్బులో నానేసి పెద్దపిల్లల్ని కాళ్లతో తొక్కమనండి, అరగంట ఇల్లు ప్రశాంతం. తడిసిన బొంత చాలా బరువు, ఒక తీగ మీద వేస్తే సాగిపోతుంది, పిట్టగోడ మీదో రెండు తీగల మీదో ఆరేయండి.

సూది, పిల్లలు

కుట్టేటప్పుడు బయట ఉండేది రెండే సూదులు, ఎక్కువ వద్దు. లేచేముందు లెక్క చూసి మూతున్న డబ్బాలో వేసి, పిల్లలకి అందని ఎత్తులో పెట్టాలి. సూది కనపడకపోతే చేత్తో తడమకుండా అయస్కాంతం ముక్కని నేల మీద, పరుపు మీద తిప్పండి, వెంటనే అతుక్కుంటుంది.

రెండు మూడేళ్ల పిల్లలు మీ పక్కనే కూర్చుని ఏదో ఒకటి చెయ్యాలంటారు. వాళ్లకి పిండిబొమ్మల ముద్ద కలిపివ్వండి: రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, కప్పుకి కాస్త తక్కువ వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా. చల్లారాక మెత్తగా పిసికి, ఒక ఉండలో పసుపు, ఒక దాంట్లో బీట్‌రూట్ రసం. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైన ఆగుతుంది. ఉప్పు బాగా ఎక్కువ కాబట్టి తినకుండా కనిపెట్టుకోవాలి, ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసైతే ఇది వద్దు, వాళ్లకి చపాతీ పిండే ఇచ్చేయండి. పసుపు ముద్దతో ఆడిన చేతులు సబ్బుతో కడిగితే ఎర్రగా మారతాయి, భయపడకండి, పసుపుకి సబ్బులోని క్షారం తగిలితే అంతే.

మిగిలిన ముక్కలు

అరచేయంత ముక్కల్ని రెండు పొరలు కుట్టి తడి చేసి మూతి తుడవడానికి వాడుకోండి, కొనే వైప్స్ అక్కర్లేదు. పీలికల్ని పాత బేబీ సాక్సులో కూరి, మూతి కుట్టేసి, దారంతో కళ్లు కుట్టి బొమ్మ చెయ్యొచ్చు. గుండీలు, పూసలు పెట్టకండి, మూడేళ్ల లోపు పిల్లలు పీకి నోట్లో వేసుకుంటారు. మందపాటి ముక్కలు పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డలకి. అంతా అయ్యాక మిగిలే జరీ అంచుల్ని పారేయకండి, ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు చుట్టి ముడి వెయ్యడానికి ఆ పట్టీ సరిగ్గా సరిపోతుంది.